ఆర్కిడ్ పిల్లకి కాళ్ళొచ్చేదాకా

ఒకప్పుడు ఆర్కిడ్ చెట్ల మీద ఉండేది కాదు, వరండాలో ఉట్టి కట్టుకుని వేలాడేదీ కాదు. అందరిలాగే నేల మీద, మట్టిలో కాళ్ళు పెట్టుకుని, ఒక కొండ కింద గెడ్డ పక్కన ఉండేది. గెడ్డ అంటే కొండ మీంచి దిగివచ్చే చిన్న ఏరు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ మన ఆర్కిడ్ కాపురం చేసుకునేది.

అప్పట్లో మొక్కలన్నిటికీ ఒక మర్యాద ఉండేది. పిల్లని బయటికి పంపేటప్పుడు తల్లి చేతిలో సద్దిమూట పెట్టి పంపాలి. నమ్మకం లేకపోతే ఒక వేరుశనగ గింజ తీసుకుని రెండుగా విప్పి చూడండి. ఆ రెండు బద్దలూ సద్దే. వాటి మధ్య చిన్న ముక్కులాంటిది ఒకటి కనిపిస్తుందే, అదీ పిల్ల. ఇంత పిల్లకి అంత సద్ది. ఎక్కడో తెలియని నేల మీద పడుతుంది, వాన పడేదాకా, వేరు దిగేదాకా ఏం తింటుందో ఏమో అని తల్లి బెంగ.

ఆర్కిడ్ కూడా సద్ది కట్టేది. కానీ దాని కష్టం దానిది. పక్కనే ఉన్న చిక్కుడుపాదుకి కాయకి నలుగురో అయిదుగురో పిల్లలు. ఆర్కిడ్ కాయ విప్పితే లోపల ఎంతమంది ఉన్నారో ఆ కాయకే తెలియదు. పిండి జల్లెడ దులిపినట్టు రాలేవారు. అంతమందికీ వండాలి, అంతమందికీ మూట కట్టాలి. ఈ మూల వాళ్ళకి కట్టడం అయ్యేసరికి ఆ మూల వాళ్ళు "మాకేదీ" అని ఏడుపు. వాళ్ళని ఊరుకోబెట్టేసరికి ఈ మూల ఎవరో మూట విప్పేసుకుని తినేసి కూర్చునేవారు.

మీ ఇంట్లో బడికి వెళ్ళే ఇద్దరికి డబ్బాలు సర్దేసరికే మీ అమ్మ నడుం పట్టుకుంటుంది. మీరేమో మూత తీసి "మళ్ళీ ఇదేనా" అంటారు. సరే, మీ సంగతి తర్వాత చూద్దాం.

ఒక ఏడాది కాయ పగిలే వేళకి ఆర్కిడ్‌కి చెయ్యి లేవలేదు. జబ్బేమీ కాదు, ఉత్త అలసట. ఏళ్ళ తరబడి పోగుపడిన అలసట. రాత్రంతా పడుకుని లేచినా పడుకున్నట్టే ఉండదు చూడండి, అలాంటిది. పొయ్యి వెలిగించాలనుకుంటూనే కూర్చుంది. కూర్చుని లేవలేకపోయింది.

ఎప్పటిలాగే గాలి వచ్చింది. పిల్లల్ని ఊళ్ళు చేర్చే పని గాలిదే.

"ఏమ్మా, సద్దులేవి?" అని అడిగింది గాలి.

"లేవు."

"లేవంటే?"

"కట్టలేదు. నా వల్ల కాలేదు. ఈ ఒక్కసారికి ఇలాగే తీసుకెళ్ళు. ఎలాగో బతుకుతారులే," అంది ఆర్కిడ్. అంటూనే కళ్ళు మూసుకుంది.

అలిసినవాళ్ళతో వాదించడం గాలికి ఇష్టం ఉండదు. పిల్లల్ని ఎత్తుకుంది. చేతుల్లో మూటల బరువు లేకపోయేసరికి వాళ్ళంతా ధూళిలా పైకి లేచారు. నవ్వుకుంటూ, గిరగిరా తిరుగుతూ కొండ దాటి వెళ్ళిపోయారు. ఆర్కిడ్ వాళ్ళు వెళ్ళడం చూడను కూడా చూడలేదు. చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

వానలు వెనకబట్టాక గాలి తిరిగి వచ్చింది. వచ్చి పక్కన కూర్చుంది.

"మా పిల్లలు ఎలా ఉన్నారు?" అని అడిగింది ఆర్కిడ్.

"అడక్కుండా ఉంటే బాగుండేది," అంది గాలి. "చేతిలో తిండి లేదు కదమ్మా. మొలవడానికి ఓపిక చాలలేదు వాళ్ళకి. ఒకరిద్దరు చెట్టు బెరడు మీద బూజు పక్కన పడ్డారు. బూజుకి జాలేసి తన గంజి కొంచెం పోసింది. వాళ్ళు నిలబడ్డారు. మిగతావాళ్ళు..."

ఆర్కిడ్ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి. కానీ లోపల ఏదో తెగిపోయింది. మరుసటి ఏడు ఎలాగైనా సద్ది కట్టాలని కూర్చుంది. చేతులు ఆ పని మరిచిపోయాయి. కాయ కాసింది, పగిలింది, లోపల పిల్లలు మళ్ళీ ధూళిలాగే ఉన్నారు. ఇప్పటికీ అంతే. ఆర్కిడ్ గింజని అరచేతిలో పోసుకుని చూడండి, ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది.

"ఇక ఈ కాయల్ని నమ్ముకోను," అనుకుంది ఆర్కిడ్. "ఒక్క పిల్లని కంటాను. గాలి చేతికి ఇవ్వను. నా ఒంటి మీదే పెట్టుకుని పెంచుతాను. ఆ ఒక్కటైనా బతకాలి."

అలా అనుకున్న కొన్నాళ్ళకి దాని పూలకాడ మీద, మొగ్గ రావలసిన కణుపు దగ్గర, వేలిగోరంత ఆకులు రెండు వచ్చాయి. పిల్ల పుట్టింది. ఆకులైతే ఉన్నాయి గానీ కాళ్ళు లేవు. మొక్కలకి వేళ్ళే కదా కాళ్ళు. ఆకలంటే తల్లి తన ఒంట్లోంచే పెట్టేది. దాహమంటే తన ఆకుల్లో దాచుకున్న నీళ్ళే ఇచ్చేది. పిల్ల చాలా ముద్దుగా ఉండేది. ఎప్పుడూ చాలు అనేది మాత్రం కాదు.

ఎండాకాలం వచ్చింది. గెడ్డ సన్నబడింది. ఆర్కిడ్ ఆకులు ముందు వాడాయి, తర్వాత ముడతలు పడ్డాయి. అడుగున ఉన్నది పసుపుపచ్చగా మారి రాలిపోయింది. పైన పూలు, పక్కన పిల్ల, కింద కాలుతున్న మట్టి. అన్నీ మోస్తూ అలాగే నిలబడింది.

చిక్కుడుపాదు చూసి చూసి ఒకరోజు అనేసింది. "అక్కా, నా మాట విని పిల్లని పంపించెయ్. నువ్వు పోతే అదెలాగూ పోతుంది. ఇద్దరూ పోవడం దేనికి?"

మాట చేదుగా ఉన్నా నిజమే. ఆ రోజంతా ఆలోచించి, సాయంత్రానికి ఆర్కిడ్ తన పూలకాడని మెల్లగా వంచింది. పిల్ల కాళ్ళుండవలసిన చోటు నేలకి తగిలేదాకా వంచి, "వెళ్ళిరా అమ్మా," అంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మనవైపు ఎవరూ గడప దిగేవాళ్ళని "పో" అనరు. దిగేవాళ్ళు కూడా "పోతున్నా" అనరు, "వెళ్ళొస్తా" అంటారు. నెల్లాళ్ళు తిష్ట వేసి, కాఫీపొడి డబ్బా ఖాళీ చేసి, మంచం కోడు విరగ్గొట్టిన చుట్టాన్ని కూడా "వెళ్ళిరండి" అనే సాగనంపుతాం. అంటే నిజంగా రమ్మని కాదు. అలా అనాలి, అంతే.

పిల్లకి ఇవన్నీ ఏం తెలుసు. దిగింది. మట్టిలో కూర్చుంది. మట్టి అన్ని వైపుల నుంచీ మూసుకుని దానికి ఊపిరాడనివ్వలేదు. ఒకట్రెండు రోజులు ఓర్చుకుని, తల్లి కాడనే పట్టుకుని పైకి వచ్చేసింది.

"ఏమ్మా, వచ్చేశావు?" అంది తల్లి.

"వెళ్ళిరా అన్నావుగా. వెళ్ళాను. వచ్చాను."

తల్లికి నవ్వు రావలసిన మాటే. రాలేదు. చిక్కుడుపాదు మాత్రం కాయలు గలగలలాడేలా నవ్వింది.

"అలా కాదక్కా," అంది నవ్వు ఆపుకుని. "పో అను. ఒక్క ముక్క. దానికి అర్థమవుతుంది."

ఆర్కిడ్ నోరు తెరిచింది. ఆ ముక్క గొంతు దాకా వచ్చింది. అప్పుడు కొండ దాటి వెళ్ళి మళ్ళీ రాని పిల్లలు గుర్తుకొచ్చారు. వాళ్ళకి ఆ రోజు తను ఏ మాటా చెప్పలేదు, వెళ్ళిరండి అని కూడా అనలేదు. గొంతులోది గొంతులోనే ఉండిపోయింది. మళ్ళీ "వెళ్ళిరా అమ్మా" అనే అంది.

ఈసారి గెడ్డ ఒడ్డున తడిలో దింపింది. పిల్ల తిరిగి వచ్చేసరికి దాని అడుగు నల్లబడి మెత్తగా అయిపోయింది. తర్వాత బండ మీద దింపింది. ఒక ఆకు ఎండకి కాలి తెల్లబడిపోయింది. "వెళ్ళొచ్చానమ్మా, అక్కడ బాగా ఎండగా ఉంది," అంది పిల్ల, ఏదో చెప్పిన పని చేసి వచ్చినట్టు.

పిల్ల తిరిగి వచ్చిన ప్రతిసారీ తల్లికి ప్రాణం లేచి వచ్చేది. ఆ వెంటనే ఉసూరుమనిపించేది. పిల్ల చిక్కిపోయింది, తల్లి ఇంకా చిక్కిపోయింది. ఈ ఎండాకాలం దాటడం కష్టమని ఆర్కిడ్‌కి తెలిసిపోయింది.

ఇదంతా ఒక మనిషి చూస్తూనే ఉంది. కింద ఊళ్ళో కుమ్మరి పోలయ్య పెళ్ళాం, పేరు పైడమ్మ. కుండలకి మట్టి తవ్వుకోవడానికి రోజూ గెడ్డ దగ్గరికి వచ్చేది. మట్టి మొయ్యడం, తొక్కడం, కుండలు కాల్చే ఆవం పేర్చడం, సంతకి మోసుకెళ్ళడం అన్నీ ఆవిడే. పోలయ్య చక్రం తిప్పుతాడు. అడిగితే కష్టమంతా ఆ తిప్పడంలోనే ఉందంటాడు.

ఆ రోజు పైడమ్మ మట్టితట్ట కింద పెట్టి, చెమట తుడుచుకుని, ఆర్కిడ్ పక్కన కూలబడింది.

"ఏటప్పా, ఆ గుంటని దింపుతావు, మల్లీ ఎత్తుతావు. ఏటి సంగతి?" ఆవిడ యాసలో అప్ప అంటే అక్క, గుంట అంటే పిల్ల.

ఎవరైనా అలా అడిగి చాలా కాలమైంది. ఆర్కిడ్ అంతా చెప్పేసింది. సద్దుల సంగతి, గాలి తెచ్చిన కబురు, వెళ్ళిరా అంటే వెళ్ళి వస్తున్న పిల్ల సంగతి, అన్నీ.

"నేను ఎక్కువ రోజులు ఉండేలా లేను చెల్లీ. నేను పోతే ఇదీ పోతుంది. వెళ్ళమని గట్టిగా చెప్పడం నాకు చాతకావడం లేదు. ఆ మాట నోటికి రావడం లేదు."

పైడమ్మ పిల్లని వేలితో పైకెత్తి అడుగున చూసింది.

"మాటదేటున్నాది గానీ, దీనికి కాల్లేవీ?"

ఆర్కిడ్ కూడా వంగి చూసింది.

"కాల్లే రానేదు. నువ్వు ఎల్లిరా అంటే ఏటి, పో అంటే ఏటి, అదెక్కడికి పోతాది? కాల్చని కుండలో నీల్లోస్తే ఏటవుతాది? కరిగిపోతాది. ఇదీ అంతే. ముందు కాల్లు రానీ."

"అంటే, వచ్చేదాకా మొయ్యాలా?" అంది ఆర్కిడ్. "నాలో ఓపిక లేదు చెల్లీ. నిజంగా లేదు."

"మరి ఆ పూలెందుకు మోత్తన్నావు?"

ఆర్కిడ్ ఉలిక్కిపడింది. ఈ మాట దానికి ఎప్పుడూ తట్టలేదు. ఆకులు ఎండినా, ఒళ్ళు ఎండినా, పూలు మాత్రం తగ్గకుండా చూసుకుంటోంది. గెడ్డ దాటేవాళ్ళంతా ఆగి చూసేది ఆ పూలనే.

"పూలు లేకపోతే నన్నెవరు చూస్తారు?" అంది చివరికి.

"నాను సూత్తాను," అంది పైడమ్మ. "రోజూ మట్టికొత్తాను గదా."

ఆ సాయంత్రం ఆర్కిడ్ తన పూలని ఒక్కొక్కటిగా వదిలేసింది. గెడ్డ నీళ్ళ మీద అవి తేలిపోతుంటే చిక్కుడుపాదు చూసింది. ఈసారి నవ్వలేదు.

మర్నాడు పైడమ్మ ఇంకో పని చేసింది. నేల మరీ వేడిగా ఉందని ఆర్కిడ్‌ని పిల్లతో సహా పెకలించి, పక్కనున్న మద్దిచెట్టు కొమ్మల పంగలో నీడన పెట్టింది. నారతో చెట్టుకి కట్టి, "దీన్ని కాసింత సూసుకో బాబూ," అంది మద్దితో. "నా ఒంట్లోది తాగనంటే ఎంతకాలమైనా ఉండమను," అంది మద్ది. ఆర్కిడ్ ఆ మాట ఇచ్చింది, ఇప్పటికీ తప్పలేదు. ఆ ఎక్కడం ఎక్కడం మళ్ళీ నేలకి దిగలేదు.

రోజూ పైడమ్మ మట్టికి వెళ్తూ దోసెడు నీళ్ళు చల్లేది. పూలకి పోయే సత్తువ అంతా ఇప్పుడు పిల్లకి వెళ్ళింది. కొన్నాళ్ళకి పిల్ల అడుగున చిన్న బొడిపె వచ్చింది. ఆ బొడిపె పొడుగైంది. తెల్లగా, లావుపాటి దారంలా, కొసన పచ్చగా. కాలు. దాని పక్కన ఇంకొకటి. పిల్లకి మట్టి అంటే భయం పోలేదు, తడి అంటే భయం పోలేదు. అందుకని కాళ్ళు కిందికి పెట్టకుండా గాలిలోకే చాచింది.

తొలకరి మబ్బులు పట్టే వేళకి కాళ్ళు వేలెడు పొడుగు అయ్యాయి. పిల్ల కుదురుగా ఉండడం మానేసింది.

"అమ్మా, ఆ గుట్ట వెనక ఏముంది?" అని అడిగింది ఒకరోజు పొద్దున్నే.

ఇన్నాళ్ళూ తల్లి ఎదురు చూసింది ఈ మాట కోసమే. వినగానే మాత్రం గుండె కలుక్కుమంది. "ఊరుంది," అని చెప్పింది.

ఆ రోజు పైడమ్మ దారం తెచ్చింది. తయారైన కుండని చక్రం మీంచి తెంచడానికి కుమ్మరులు వాడే సన్నని గట్టి దారం. దాన్ని శుభ్రంగా కడిగి తెచ్చింది.

"చెల్లీ," అంది ఆర్కిడ్, "పిల్లని మొదలంటా తెంచకు. అటు కొంచెం, ఇటు కొంచెం నా కాడ దానితోనే ఉండనీ."

"ఎందుకప్పా?"

"దీని అక్కలకి ఏమీ ఇవ్వలేకపోయాను. నా ఒంటి ముక్క ఒకటి దీనితో వెళ్ళనీ. కొత్త చోట కుదురుకునేదాకా అదే తింటుంది."

అడిగినట్టే, పైడమ్మ పిల్లకి ఇరువైపులా కాస్త కాడ వదిలి, దారం బిగించి లాగింది. తల్లి గాయానికీ, పిల్ల గాయానికీ పసుపు అద్దింది.

"వెళ్ళిరా అమ్మా," అంది తల్లి.

"వెళ్ళొస్తానమ్మా," అంది పిల్ల.

రావడం ఉండదని ఈసారి ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాటే అనుకున్నారు. అది తప్ప ఇంకో మాట ఎందుకు అనలేమో పిల్లకి అప్పుడే అర్థమైంది.

ఇంటి దగ్గర పైడమ్మ ఆవంలో పగుళ్ళిచ్చిన ఒక చిన్న కుండ తీసుకుంది. అడుగున రెండు బెజ్జాలు పొడిచింది. అందులో పెంకుముక్కలు, బొగ్గులు, చెట్టు బెరడు, కొబ్బరిపీచు వేసింది. పోలయ్య చక్రం ఆపి చూశాడు.

"ఇంటినిండా మట్టెట్టుకుని కుండలో పెంకులేత్తావేటే?"

"దానికి ఊపిరాడాల," అంది పైడమ్మ. పిల్లని మధ్యలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద పీచు వదులుగా కప్పి, చూరుకి ఉట్టి కట్టి నీడన వేలాడదీసింది. నీళ్ళు పోస్తే ఆ నీళ్ళు కిందికి కారిపోయేవి, తేమ మాత్రం మిగిలేది.

పిల్ల కొన్నాళ్ళు అలిగినట్టు తల వాల్చేసింది. "పోనాదే ఇది," అన్నాడు పోలయ్య. "ఆగు," అంది పైడమ్మ. పిల్ల తల్లి ఇచ్చిన ముక్కని కొంచెం కొంచెంగా తింది. ముక్క ఎండిపోయింది. అది ఎండిపోయిన వారానికో ఎప్పుడో, ఆకుల మధ్య నుంచి కొత్త ఆకు తొంగి చూసింది.

పైడమ్మ మట్టితట్ట పట్టుకుని గబగబా గెడ్డకి వెళ్ళింది. "అప్పా, కొత్తాకేసినాది," అని మద్దిచెట్టు కింద నిలబడి చెప్పింది.

పైన పంగలో ఆర్కిడ్ వాలిపోయి ఉంది. పూలు లేవు, మొగ్గ లేదు, కాడ కూడా ఎండిపోయింది. నారతో కట్టిన ఎండుకట్టలా ఉంది.

"పాపం, పోయినట్టుంది," అంది చిక్కుడుపాదు మెల్లగా.

"పోలేదు," అంది గాలి. "విన్నది. విన్నాకే పడుకుంది. లేపకండి."

పైడమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. ఆవిడకీ అలా పడుకోవాలనిపించింది. కానీ ఆవం పేర్చాల్సి ఉంది. తట్ట నెత్తిన పెట్టుకుని దిగిపోయింది.

అప్పటినుంచే ఆర్కిడ్‌కి మట్టి గిట్టదు, దాని వేళ్ళు గాలిలోకి చాచుకుని ఉంటాయి. అప్పటినుంచే బాగా అలిసిపోయిన ఆర్కిడ్ ఒక్కోసారి పూలకాడ మీద పువ్వుకి బదులు పిల్లని పెడుతుంది, ఆ పిల్లకి కాళ్ళొచ్చేదాకా దాన్ని వదలదు. అప్పటినుంచే పూలన్నీ రాలిపోయాక, పిల్లని పంపేశాక, నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. తెలియనివాళ్ళు చచ్చిపోయిందనుకుని కుండీతో సహా బయట పారేస్తారు. మీరు పారేయకండి. కాసిని నీళ్ళు చల్లి, చప్పుడు చెయ్యకుండా ఇవతలికి వచ్చెయ్యండి.